మా ఖాలా వేలు ఏమైంది? ఫొటో ఎడిటర్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల ఫొటో ఎడిటర్లకు, రాత్రి డెస్కుల్లో కూర్చుని ఫొటోల కింద రెండు లైన్లు రాసే మిత్రులకు నమస్కారం, సలాం.

మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, కర్నూలులో ఉంటుంది. బట్టలు కుడుతుంది. ఆమె బీరువా తలుపుకు లోపలివైపు మూడు పేపర్ కటింగులు అంటించి ఉంటాయి. మూడోదాని సంగతి తర్వాత చెబుతాను. మొదటిది 2014 ఎన్నికలప్పటిది. బుర్ఖాలేసుకున్న ఐదారుగురు ఆడవాళ్లు పోలింగ్ బూత్ బయట నిలబడి సిరా చుక్క పెట్టిన వేళ్లు చూపిస్తున్నారు. అందరికంటే ముందు ఖాలా. ముఖానికి నఖాబ్ ఉన్నా ఆ కళ్లద్దాలు, చేతిలో చీరల షాపు పసుపు సంచీ చూసి మా ఇంట్లో చిన్నపిల్లాడైనా గుర్తుపడతాడు. రెండో కటింగు 2017 ఆగస్టు 23 నాటిది. ముమ్మారు తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తీర్పు చెప్పిన మర్నాడు. జిల్లా పేజీలో ఆ వార్త పక్కన మళ్లీ ఖాలా. అవే కళ్లద్దాలు, అదే సంచీ, వెనక అదే వేపచెట్టు నీడ. వేలు మాత్రం లేదు. చేయి మణికట్టు పైదాకా ఉండి, అక్కడ ఫొటో అయిపోయింది.

నేను ఫోన్ చేస్తే ఖాలా నవ్వుతూనే ఉంది. "నాకు తలాకు ఎవురిచ్చినార్రా? మీ ఖాలూ పోయి పదేండ్లాయె. గోరీలోంచి లేచొచ్చి ఇచ్చినాడా?" అంది. ఆ పత్రికలో తెలిసినాయన్ని అడిగాను. "ఫైల్ ఫొటో అని వేశాం కదన్నా" అన్నాడు. నిజమే, వేశారు. కింద మూలన, చదవాలంటే ఖాలా కళ్లద్దాలు కావాల్సినంత చిన్న అక్షరాల్లో. 2019లో ఆ తలాక్ మీద చట్టం వచ్చినప్పుడు అదే ఫొటో మళ్లీ పడింది. ఈసారి ఖాలా కత్తిరించి అంటించలేదు. "ఒకటే బొమ్మ ఎన్నిసార్లు దాచుకోవాల" అంది.

ఆ పత్రిక మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. అప్పట్లో నేనూ ఇంకో పత్రిక డెస్కులోనే ఉన్నాను. ఇదే పని నేనూ చేశాను, చాలాసార్లు చేశాను. పదకొండింటికి పేజీ వదలాలి, వార్త వచ్చింది, ఫొటో రాలేదు. ఫొటో లైబ్రరీలో 'ముస్లిం' అని కొడతాం. ఏమొస్తాయో మీకు నేను చెప్పాలా? మక్కా మసీదు ఆవరణలో సజ్దాలో, అంటే నుదురు నేలకానించి, వంగిన వేలమంది వీపులు. చార్మినార్ ముందు గాజులు చూస్తున్న బుర్ఖాలు. హలీం బట్టీ దగ్గర గోట కర్ర పట్టుకుని చెమటలు కక్కుతున్న మనిషి. ఈద్గాలో తెల్ల టోపీలు పెట్టుకుని కావలించుకుంటున్న ఇద్దరు పిల్లలు. నెలవంక కోసం బైనాక్యులర్ పట్టుకున్న పెద్దాయన. అంతే. ఐదు బొమ్మలు. పెళ్లి చట్టమైనా, వక్ఫ్ బోర్డు అయినా, స్కాలర్‌షిప్పులైనా, ఎక్కడో గల్ఫ్‌లో యుద్ధమైనా ఆ ఐదింట్లోంచే ఒకటి లాగి వేయాలి. టోపీ పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిన లైన్‌మన్, హిజాబ్‌లో డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్ ఆ వెతుకులాటలో తగలరు. వాళ్లు ఉన్నది వేరే ఫోల్డర్లో అయినా బాగుండు. ఎందులోనూ ఉండరు.

ఆ తలాక్ తీర్పు సంగతే చూడండి. ఆ వార్త వేయొద్దని నేననను. బ్యానర్ పెట్టాల్సిన వార్తే. కానీ కేసు వేసిన షాయరా బానో ఫొటో ఆ రోజు ప్రతి ఏజెన్సీ దగ్గరా ఉంది. ఉత్తరాఖండ్ కాశీపూర్ ఆవిడ. ముఖం దాచుకోలేదు, పేరు దాచుకోలేదు, కోర్టుకెక్కి గెలిచింది. అలాంటి మనిషి ఉండగా ముఖం కనపడని ఖాలా ఎందుకు కావాల్సి వచ్చింది? నాకు తోచిన జవాబు ఒక్కటే. షాయరా బానో బొమ్మలో ఒక మనిషి కనిపిస్తుంది. ఖాలా బొమ్మలో 'ముస్లిం స్త్రీ' కనిపిస్తుంది. డెస్కుకు కావాల్సింది రెండోది.

ఇది మన జిల్లా డెస్కుల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఫొటోలకూ ఇది పట్టుకుంది. 1984లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో, గుడారంలో నడిచే బడిలో స్టీవ్ మెకర్రీ ఒక అఫ్ఘాన్ పిల్లను ఫొటో తీశాడు. 1985 జూన్ సంచికకు నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని ముఖచిత్రం చేసింది. ఎర్ర శాలువా, ఆకుపచ్చ కళ్లు. మీరందరూ చూశారు. ఆ అమ్మాయి పేరు మాత్రం ఎవరూ అడగలేదు. 'అఫ్ఘాన్ గర్ల్' అన్నారు, సరిపోయింది. పదిహేడేళ్ల తర్వాత, 2002లో, మళ్లీ వెతుక్కుంటూ వెళ్తే అప్పుడు తెలిసింది షర్బత్ గులా అని. ఆ మధ్య కాలమంతా గోడల మీద, పుస్తకాల అట్టల మీద ఆ కళ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆవిడకు ఆ సంగతే తెలీదు. 2016లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో పాకిస్తాన్ అధికారులు ఆమెను పట్టుకుని, తర్వాత దేశం దాటించి పంపారు. 2021లో తాలిబాన్లు వచ్చాక ఇటలీ ఆశ్రయమిచ్చింది. ఫొటోగ్రాఫర్‌ను తిట్టడానికి చెప్పడం లేదు. వెలుతురు, చూపు, రంగు, అన్నీ కుదిరిన బొమ్మ అది, ఎవరూ కాదనలేరు. పేరు అడగడానికి అర నిమిషం చాలేది, అంతే నా మాట.

పేరు అడగని చోట కథ మనమే అల్లుతాం. 1997 సెప్టెంబర్‌లో అల్జీరియా రాజధాని అల్జీర్స్ శివారు బెంతల్హాలో ఊచకోత జరిగింది. మర్నాడు ఆసుపత్రి బయట గోడకు ఒరిగి, నోరు తెరుచుకుని ఏడుస్తున్న ఒక స్త్రీని ఫ్రెంచ్ వార్తాసంస్థ ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ హోసిన్ జవురార్ తీశాడు. దానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. ప్రపంచమంతా దానికి 'బెంతల్హా మడోనా' అని పేరు పెట్టింది. మడోనా అంటే క్రైస్తవుల బొమ్మల్లో కనిపించే ఏసు తల్లి మేరీ. ఆమెకు ఎనిమిదిమంది పిల్లలు, అందరూ చనిపోయారు అని కింద రాశారు. తర్వాత తేలిందేమిటంటే చనిపోయింది పిల్లలు కాదు, ఆమె సోదరుడి కుటుంబం. ఆమె కోర్టుకెక్కింది. ఆ క్యాప్షన్ రాసినవాళ్ల మీద నాకు జాలే కలిగింది. ఎవరో గబగబా చెప్పి ఉంటారు, పేజీ పోవాలి, రాసేసి ఉంటారు. నేనూ అలాగే రాసేవాణ్ని. కానీ 'మడోనా' అన్న మాట ఆ హడావుడిలో వచ్చింది కాదు. ఒక ముస్లిం తల్లి ఏడుపు ప్రపంచానికి అర్థం కావాలంటే ఆమె యూరప్ చర్చి గోడ మీది బొమ్మలా కనపడాలి. 2011లో యెమెన్ రాజధాని సనాలో, ఆసుపత్రిగా మార్చిన మసీదులో, బాష్పవాయువు తగిలిన కొడుకును ఒడిలోకి తీసుకున్న బుర్ఖా తల్లిని సామ్యుయెల్ అరాండా తీస్తే, దానికీ అదే బహుమతి, దాన్నీ క్రీస్తు శవాన్ని ఒడిలో పెట్టుకున్న మేరీ శిల్పంతోనే పోల్చారు. మేరీని మేము మర్యం అంటాం, మాకు పరాయిదేం కాదు. ఖురాన్‌లో ఆమె పేరుతో ఒక అధ్యాయమే ఉంది. అయినా కొడుకును ఒళ్లో వేసుకుని ఏడ్చే అమ్మ తనలాగే ఉంటుంది. పోలిక తేనక్కర్లేదు.

మన దగ్గర ఆ పోలిక ఇంకో రూపంలో వస్తుంది. కృష్ణాష్టమి రోజు బుర్ఖా వేసుకున్న తల్లి, చేతిలో నెమలిపింఛం పెట్టుకున్న చిన్ని కృష్ణుడు. ఉగాది రోజు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికొచ్చిన ముస్లింలు. కింద 'వెల్లివిరిసిన మతసామరస్యం'. ఏడాదికోసారి తప్పకుండా పడే బొమ్మలు. అవి అబద్ధాలు కావు. దేవుని కడపకు మా బంధువుల్లో కొందరు బియ్యం, బెల్లం తీసుకుని వెళ్తారు, నేను చూశాను. వాళ్లకది సామరస్యం కోసం చేసే పని కాదు. స్వామి భార్య బీబీ నాంచారి తమ ఇంటి పిల్ల, అల్లుడి ఇంటికి పండక్కి వెళ్తున్నామంటారు. ఆ ఒక్క మాట క్యాప్షన్లో పెట్టి చూడండి, ఫొటో ఎంత మారిపోతుందో. 'మతసామరస్యం' అని పెడితే చదివేవాడు "పోన్లే, మంచివాళ్లు" అని పేజీ తిప్పేస్తాడు. మాకు భయపెట్టే ఫొటో ఒకటి, మురిపించే ఫొటో ఒకటి కేటాయించారు. మామూలుగా ఉండే వీలు లేదు.

నమాజు ఫొటో గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే విశ్వాసం అనగానే మీ కెమెరాకు తోచేది అదే. సజ్దాలో వరసలు భలే కుదురుతాయి. మేడ మీంచి తీస్తే ముగ్గులా ఉంటుంది. ఒప్పుకుంటాను, నేనే ఎన్నోసార్లు పేజీలో ఐదు కాలమ్‌లు ఇచ్చి, 'భక్తిశ్రద్ధలతో' అని రాశాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో లెక్కపెడితే తస్బీ జపమాల పూసలు చాలవు. కానీ ఆ ఫొటోలో ముఖం అనేది ఒక్కటి ఉండదు. వెనక నుంచి తీయడం కొంతవరకు మర్యాదే. నమాజు చేసేవాడి ముందు నుంచి నడవకూడదన్నది మా నియమం, అది తెలిసిన ఫొటోగ్రాఫర్లు వెనకే నిలబడతారు, వాళ్లకు దణ్ణం. అయితే నమాజు సజ్దాతో అయిపోదు. చివర్లో అందరూ కూర్చుని కుడివైపుకు, ఎడమవైపుకు తల తిప్పి సలాం చెబుతారు. ఆ క్షణంలో వరసలన్నీ మనుషులైపోతాయి. ఒకడి మనసు దుకాణం షట్టరు వేశానా లేదా అని కొట్టుకుంటూ ఉంటుంది. పక్కన పిల్లాడు నాన్నను చూసి అర సెకను ఆలస్యంగా తల తిప్పుతాడు. ముసలాయన మోకాలు పట్టుకుంటాడు. తర్వాత దువాకు, అంటే దేవుణ్ని వేడుకోవడానికి, చేతులు చాపుతారు. ఆ అరచేతుల్లో మెకానిక్ గ్రీజు ఉంటుంది, ఇంటర్ పిల్లాడి బాల్‌పెన్ మరకలుంటాయి. ముందే వెళ్లి ఇమాం సాబ్‌ను అడిగితే పక్క గోడ దగ్గర ఎక్కడ నిలబడాలో ఆయనే చూపిస్తాడు. చాలామంది మీరు అడుగుతారనే అనుకుంటారు. మీరే అడగరు.

అసలు మసీదు బయట ఉన్న విశ్వాసం మాటేమిటి? ఖాలా అసర్ నమాజు, అంటే సాయంత్రం ముందరి నమాజు, కుట్టుమిషను పక్కనే చేస్తుంది. చాప కింద గుడ్డముక్కలు, దారాలు. నమాజయ్యాక అక్కడే కూర్చుని కాజాలు కుడుతూ పెదాలు కదుపుతూ ఉంటుంది. అడిగితే "ఊరికే, ఏదో చదువుకుంటున్నా" అంటుంది. ఈ బొమ్మలో వరసలు లేవు, మినార్లు లేవు. రంజాన్ సప్లిమెంటుకు పనికిరాదు. నాకు తెలిసిన ఇస్లాంలో ఎక్కువ భాగం ఆ చాప మీదే ఉంది.

మొహర్రం సంగతీ అంతే. హైదరాబాద్‌లో డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీకా ఆలం ఊరేగింపు బయల్దేరుతుంది. మర్నాడు పేపర్లో గుండెలు బాదుకునేవాళ్ల రక్తం. ఆ రక్తం నిజం, ఆ శోకమూ నిజం. అదే రోజుల్లో అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గర పీర్లు లేస్తాయి, జనం నిప్పులగుండంలో నడుస్తారు, తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేది ఏ కులంవాడో చెప్పలేం. ఆ ఫొటోలు మా లైబ్రరీలో 'జాతరలు' అన్న ఫోల్డర్లోకి వెళ్లేవి. నేనే పెట్టాను. రక్తం కనపడ్డవి 'ముస్లిం' ఫోల్డర్లోకి, పసుపు బట్టలు కనపడ్డవి 'జాతర'లోకి. ఎవరూ చెప్పలేదు అలా పెట్టమని. అది కుట్ర అయితే తిట్టి ఊరుకోవచ్చు. అలవాటు కాబట్టే ఈ ఉత్తరం.

ఆ అలవాటు ఏం చేస్తుందో 2020 మార్చి, ఏప్రిల్‌లో చూశాం. కరీంనగర్‌లో ఇండోనేషియా నుంచి వచ్చిన ప్రచారకులకు కరోనా పాజిటివ్ వచ్చింది, తబ్లీగీ జమాత్ అనే మతప్రచార సంస్థ కేంద్రం, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. ఆరోగ్య వార్తే, వేయాల్సిందే. కానీ ఆ తర్వాత వారాల తరబడి ఏ కేసు సంఖ్య పెరిగినా పక్కన టోపీల బొమ్మ. ఏ ఊళ్లో ఎవరికొచ్చినా సరే. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని, పత్రికలు, టీవీలు పెద్ద ఎత్తున ప్రచారం చేశాయని రాసింది. ఆ తీర్పు పక్కన మనం ఏ ఫొటో వేశామో గుర్తుందా? మా పత్రికలో కోర్టు భవనం బొమ్మ వేశాం. ఏప్రిల్‌లో మా వీధిలో పండ్ల బండి తోసే ఆయన టోపీ తీసి జేబులో పెట్టుకుని అమ్ముకునేవాడు. సాయంత్రం మసీదు తాళం వేసి ఉన్నా దాని ముందుకొచ్చినప్పుడు మాత్రం తీసి పెట్టుకునేవాడు.

బాగా తీసినవాళ్లు లేరా? ఉన్నారు, మన దేశంలోనే ఉన్నారు. 2017 సెప్టెంబర్‌లో మయన్మార్ నుంచి తరిమేసిన రోహింగ్యా ముస్లింలు పడవల్లో బంగ్లాదేశ్ తీరం చేరుతున్నప్పుడు రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ దానిష్ సిద్దిఖీ తీసిన బొమ్మ ఒకటుంది. ఒక స్త్రీ ఇసుకలో కూలబడి, చేత్తో నేలను తాకుతోంది. అందులో మతం ఎక్కడుందో వెతుక్కోవాలి. అలసట, ఒడ్డు మాత్రం వెతకక్కర్లేదు. వాళ్లను ఏ మతం పేరుతో తరిమారో క్యాప్షన్ చెబుతుంది, బొమ్మ ఆ పని నెత్తిన వేసుకోలేదు. ఆ వరస ఫొటోలకు 2018లో రాయిటర్స్ బృందానికి పులిట్జర్ వచ్చింది. సిద్దిఖీ 2021 జూలైలో కాందహార్ దగ్గర స్పిన్ బోల్దక్‌లో యుద్ధం ఫొటోలు తీస్తూ చనిపోయాడు. ఆ రోహింగ్యాల్లో కొందరు ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఉన్నారు. మీ ఆఫీసు నుంచి గంట ప్రయాణం.

పర్దా ఉన్నవాళ్లు ఫొటోకు ఒప్పుకోరనే మాట కూడా డెస్కులో చాలాసార్లు విన్నాను. మన ఊరి చరిత్రే దానికి జవాబు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1890ల్లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. ఎత్తైన గోడలు, లోపల మగపురుగు ఉండదు, ఫొటో తీయడానికి ఒక ఇంగ్లిష్ మహిళను పెట్టాడు. బేగంలు వచ్చి దర్జాగా తీయించుకున్నారు. తీయించుకోవడం వాళ్లకు ఇష్టమే. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్నది తామే తేల్చుకోవాలి, అంతే. నూటముప్పై ఏళ్ల కింద ఒక జైన ఫొటోగ్రాఫర్‌కు అర్థమైన సంగతి ఇది. ఇప్పుడు ఎన్ని తెలుగు పత్రికల్లో ఆడ ఫొటోగ్రాఫర్లు ఉన్నారు? నా పన్నెండేళ్ల డెస్కు జీవితంలో నేను పనిచేసిన చోట ఒక్కరూ లేరు.

నెల్లూరు రొట్టెల పండుగలో మాత్రం మీరే వేరుగా పనిచేస్తారు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లి "ఏం రొట్టె అమ్మా?" అని అడుగుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. పేరు, ఊరు, కోరిక, అన్నీ రాస్తారు. అక్కడ బుర్ఖా ఉన్నా లేకున్నా ఫొటోలో మనిషి ఉంటుంది. అక్కడ చేతనైంది చార్మినార్ దగ్గర ఎందుకు చేతకాదు?

అడగాల్సింది పెద్దదేం కాదు. ఫైల్ ఫొటో వేస్తే, అది ఏ సందర్భంలో, ఏ ఏడు తీసిందో అక్కడే రాయండి. '2014లో ఓటు వేసిన మహిళలు' అని రాసి తలాక్ వార్త పక్కన పెట్టండి చూద్దాం. పెట్టలేరు. రాస్తేనే తెలిసిపోతుంది అది అక్కడ ఉండకూడదని. తీసేటప్పుడు పేరు అడగండి, చెప్పనంటే ఆ పక్కనే పేరు చెప్పే ఇంకొకరు ఉంటారు. పండగ కాని మంగళవారం ఒకసారి రండి. ఆ రోజు మసీదులో పదిమందే ఉంటారు, అందులో ఇద్దరు కునుకు తీస్తుంటారు. అదీ తీయండి.

మూడో కటింగు 2024 మే నాటిది. మళ్లీ ఎన్నికలు, అదే బూత్. ఒక కుర్ర ఫొటోగ్రాఫర్ వచ్చి వేలు చూపించమన్నాడట. ఖాలా చేయి పైకెత్తబోయి ఆగి, "ఈ బొమ్మ ఎన్నేండ్లు వాడుకుంటావు నాయనా?" అని అడిగింది. వాడికి అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లు నవ్వితే ఏదో తేడా జరిగిందనుకుని, పేరేంటమ్మా అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. మర్నాడు ఫొటో పడింది. వేలుంది, సిరా ఉంది, కింద పేరుంది. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఖాలా పెన్నుతో దిద్ది అంటించింది.

ఇట్లు,
ఒకప్పుడు మీలాగే క్యాప్షన్లు రాసినవాడు